ఊళ్లో పశువుల షెడ్డు వేయిస్తున్నారా? ‘చదరపు అడుగు రేటు’ ఒక్కటే అడిగితే ఖర్చు తేలదు.. ఏమేం చూడాలంటే?

‘‘ఆరు గేదెలకు రేకుల షెడ్డు వేయిద్దామనుకుంటున్నారా. వెల్డింగ్ షాపు అతను చదరపు అడుగు రెండొందలకు చేసిస్తానంటున్నాడు. డబ్బు సర్దుతావా?’’

ఊళ్లో నుంచి నాన్న ఇలా ఫోన్ చేస్తే, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మీరు వెంటనే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీస్తారు. పొడవు, వెడల్పు, రెండొందలు గుణించి ‘‘అరవై వేలలోపే కదా, పంపిస్తా’’ అంటారు. నెల తిరిగేసరికి లెక్క లక్షన్నర దాటుతుంది. ఇందులో ఎవరూ మోసం చేసి ఉండకపోవచ్చు. మీరు గుణించిన చదరపు అడుగు, అతను చెప్పిన చదరపు అడుగు వేర్వేరు, అంతే.

పైగా ఈ ఖర్చులో పెద్ద భాగాన్ని ప్రభుత్వం భరించే అవకాశం ఆంధ్రప్రదేశ్‌లో చాలామంది రైతులకు దక్కింది. దాన్ని పోగొట్టుకునే సులువైన దారి, మంజూరు రాకముందే పని మొదలుపెట్టేయడం. అందుకే అడ్వాన్స్ పంపే ముందు ఈ లెక్క ఒకసారి చూడండి.

నేల అడుగా? రేకు అడుగా?

ఉదాహరణకు ఆరు పశువుల షెడ్డు తీసుకుందాం. జాతీయ ఉపాధి హామీ మార్గదర్శకాల్లో ఆరు పశువులకు ఇచ్చిన కొలత 7.7 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు. అంటే సుమారు పాతికడుగులు, పదకొండున్నర అడుగులు. నేల విస్తీర్ణం 26.95 చదరపు మీటర్లు, మన లెక్కలో 290 చదరపు అడుగులు.

కానీ రేకు గోడ వరకే ఆగదు. వాన జల్లు పశువుల మీద పడకుండా నాలుగు వైపులా అర మీటరు చొప్పున చూరు వదిలితే, కప్పు 8.7 మీటర్లకు 4.5 మీటర్లు అవుతుంది. అంటే 421 చదరపు అడుగులు. నేల కంటే 45 శాతం ఎక్కువ. షెడ్లు వేసేవాళ్లు సాధారణంగా రేకు పరిచిన మేరకే లెక్క కడతారు. రెండొందల రేటునే నేలకు గుణిస్తే రూ.58,000, రేకుకు గుణిస్తే రూ.84,200. రేటు మారలేదు, రూ.26 వేలు మారాయి.

ఆ రూ.84 వేలలోనూ ఏముందో అడగాలి. చాలాచోట్ల ‘షెడ్డు రేటు’ అంటే స్తంభాలు, అడ్డ పైపులు, రేకులు, బిగింపు కూలి. అంతవరకే. నేల మెరక చేయడం, కాంక్రీట్ ఫ్లోరింగ్, మేత తొట్టి, మూత్రం కాలువ, నీళ్ల తొట్టి, కరెంటు అన్నీ మేస్త్రీ ఖాతా. ఊళ్లో పెద్దవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఫోన్‌లో చెప్పడం మరిచిపోతారు, మనం అడగడం మరిచిపోతాం.

ఎంత జాగా కావాలి?

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. పశుసంవర్ధక పాఠాల్లో ఉన్న కొలత ప్రకారం కప్పు కింద ఆవుకు మూడున్నర చదరపు మీటర్లు, గేదెకు నాలుగు, దూడకు ఒకటి కావాలి. వదిలి తిప్పే ఖాళీ దొడ్డి దీనికి రెట్టింపు. ఆరు గేదెలకు 24 చదరపు మీటర్లు చాలు కాబట్టి పై కొలత సరిపోతుంది.

గమనించాల్సింది ఒకటుంది. షెడ్డు చిన్నదైన కొద్దీ తలసరి ఖర్చు పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మినీ గోకులాలకు పెట్టిన యూనిట్ ధరలే చూడండి. రెండు పశువుల షెడ్డుకు రూ.1.15 లక్షలు, నాలుగింటికి రూ.1.85 లక్షలు, ఆరింటికి రూ.2.30 లక్షలు. పశువుకు లెక్కేస్తే వరుసగా రూ.57,500, రూ.46,250, రూ.38,333. రెండు పశువులున్నా నాలుగు మూలలా స్తంభాలు తప్పవు, మేస్త్రీ వచ్చిపోయే రోజులు, సామాను తెచ్చే ట్రాక్టర్ కిరాయి తప్పవు మరి. ఈసారి రెండు గేదెలకు వేసి, వచ్చే ఏడాది పక్కన ఇంకో రెండింటికి అతికిద్దాం అనుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

స్తంభం బయటికి ఒకేలా ఉంటుంది, బరువే వేరు

అసలు ఖర్చు, అసలు ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నాయి.

అమెరికా పల్లెల్లో ‘పోల్ బార్న్’ అనే కొట్టాలు కనిపిస్తాయి. అక్కడుంటున్న తెలుగువాళ్లు చూసే ఉంటారు. చుట్టూ పునాది గోడ కట్టకుండా స్తంభాలను నేరుగా భూమిలో లోతుగా పాతి, వాటి మీదే కప్పు నిలబెడతారు. గోడ ఖర్చు ఉండదు కాబట్టి చవక. మన పశువుల పాక కూడా అదే సూత్రం. కోస్తాలో సరుగుడు బాదులు, తాటి దూలాలు, రాయలసీమలోనూ తెలంగాణలోనూ రాతి కడీలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని అదే. ఇప్పుడు వాటి జాగాలో ఇనుప పైపు వచ్చింది.

మన ఆరు పశువుల షెడ్డుకు ముందు నాలుగు, వెనక నాలుగు, మొత్తం ఎనిమిది స్తంభాలు అనుకుందాం. ముందు వైపు ఎత్తు మూడు మీటర్లు, వెనక 2.4 మీటర్లు, భూమిలోకి 0.9 మీటరు. మొత్తం పైపు 28.8 మీటర్లు. ‘మూడంగుళాల పైపు వేస్తాం’ అని చెబుతారు, నిజంగానే వేస్తారు. కానీ అదే మూడంగుళాల పైపు 4 మిల్లీమీటర్ల మందంలో మీటరుకు 8.4 కిలోలు తూగుతుంది, 2 మిల్లీమీటర్ల మందంలో 4.3 కిలోలే. మొత్తం మీద 242 కిలోలు ఒకటి, 124 కిలోలు ఇంకొకటి. కిలో రూ.70 అనుకుంటే స్తంభాల్లోనే రూ.8,000కు పైగా తేడా. రంగు వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే కొటేషన్‌లో అంగుళాలు కాదు, మందం ఎన్ని మిల్లీమీటర్లో రాయించుకోవాలి. వీలైతే కాటా చీటీ ఫొటో అడగండి. ఇనుము కిలోల్లో అమ్ముతారు, చీటీ ఉంటుంది.

మందమైన పైపే అందరికీ అవసరమా అంటే, కాదు. అది మీ ఊరు ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. గాలి ఒత్తిడికి దేశంలో ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 875 మూడో భాగం. దాని ప్రకారం ప్రాథమిక గాలి వేగం విశాఖపట్నంలో సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌లో 44, కర్నూలులో 39. తేడా కొంచెమే అనిపిస్తుంది. కానీ ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది. లెక్క కడితే కర్నూలు కంటే విశాఖలో గాలి తోపు దాదాపు 64 శాతం ఎక్కువ. కర్నూలులో మీ బావమరిది వేయించిన షెడ్డు ఖర్చుతో అనకాపల్లిలో మీ షెడ్డును పోల్చకూడదు అనేది ఇందుకే.

నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డుకు గాలితో ఇంకో ఇబ్బంది. అది పక్కకు నెట్టడమే కాదు, కింద నుంచి దూరి కప్పును పైకి లేపుతుంది. విశాఖ వేగానికి లెక్క కడితే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి. రేకు, దాని కింది పైపులు కలిపి చదరపు మీటరుకు మహా అయితే 15 కిలోలు. ఆ ఒత్తిడిలో కొంత భాగమే పైకి లాగినా కప్పును పట్టి ఉంచాల్సింది దాని సొంత బరువు కాదు, స్తంభం అడుగున ఉన్న కాంక్రీట్ దిమ్మె. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

ఆ దిమ్మెకు అయ్యే ఖర్చు ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, మూడడుగుల లోతు గుంతలో కాంక్రీట్ నింపితే ఒక్కో దిమ్మె దాదాపు 450 కిలోలు తూగుతుంది. ఎనిమిదింటికి కలిపి పది బస్తాల సిమెంటు పడుతుంది. అడుగు వెడల్పు, రెండడుగుల లోతుతో సరిపెడితే మూడు బస్తాలతో అయిపోతుంది. మిగిలేది ఏడు బస్తాలు. బస్తా రూ.350 అనుకుంటే రూ.2,450. ఆ పొదుపుతో దిమ్మె బరువు మూడో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. మట్టి కప్పేశాక గుంత ఎంత లోతో ఎవరికీ కనిపించదు. కాబట్టి కాంక్రీట్ పోయకముందే టేపు పెట్టి ఫొటో తీసి పంపమనండి. ఈ మొత్తం పనిలో మీరు దూరం నుంచి చేయగలిగిన అతి ముఖ్యమైన తనిఖీ ఇదే.

ఇంకో చిన్న విషయం. పశువుల మూత్రం, పేడ తగిలే చోట ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పైపు సరిగ్గా నేల మట్టం దగ్గర తిని పోతుంది. దిమ్మెను నేల మీద మరో అడుగు ఎత్తు వరకు లేపి పోస్తే పైపుకు తడి తగలదు. దీనికి అదనంగా పట్టేది మూడు నాలుగు బస్తాలే.

మీ నేల నల్లరేగడా?

అయితే ఖర్చు పెరుగుతుంది, ముందే సిద్ధపడండి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి కుంచించుకుపోతుంది. దాని మీద నేరుగా పోసిన ఫ్లోరింగ్ రెండు మూడు వానాకాలాల్లోనే పగులుతుంది. పైమట్టి కొంత తీసేసి మొరం నింపి, తడిపి, దిమ్మిస కొట్టి, అప్పుడు కాంక్రీట్ వేయాలి. ఎర్ర నేలల్లో ఈ బాధ ఉండదు.

పల్లపు జాగా అయినా ఇదే తంతు. మన షెడ్డు నేలను ఒక్క అడుగు మెరక చేయాలంటే ఎనిమిది ఘనపు మీటర్లకు పైగా మట్టి గట్టిపడి నిలవాలి. దిమ్మిస కొడితే అణిగిపోతుంది కాబట్టి పది ఘనపు మీటర్ల దాకా తోలాలి, అంటే ట్రాక్టర్ ట్రక్కుతో మూడు నాలుగు ట్రిప్పులు. రెండడుగులు మెరక చేయాలంటే రెట్టింపు, పైగా చుట్టూ మట్టి జారకుండా రాతి కట్టు. ఇంటి వెనక ఖాళీగా ఉంది కదా అని పల్లంలో వేసేకంటే, పది గజాల అవతల మెరకలో వేస్తే మిగిలే డబ్బు ఎక్కువ.

ఫ్లోరింగ్ లెక్క తేలికే. పది సెంటీమీటర్ల మందంతో 2.7 ఘనపు మీటర్ల కాంక్రీట్. 1:2:4 పాళ్లలో అయితే 17 బస్తాల సిమెంటు, ఘనపు మీటరు పైచిలుకు ఇసుక, దానికి రెట్టింపు కంకర. ‘సిమెంటు మీద జీఎస్టీ తగ్గింది కదా, ఖర్చు దిగాలి కదా’ అని అడిగేవాళ్లున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 28 శాతం నుంచి 18 శాతానికి దిగిన మాట నిజమే. తగ్గింపు పూర్తిగా మీకు అందినా రూ.350 బస్తాపై రూ.27 దాకా తేడా. పని మొత్తానికి 40 బస్తాలు పట్టినా మిగిలేది వెయ్యి రూపాయల పైచిలుకు. ఇసుకలోనూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది, కానీ లోడింగ్, కిరాయి ఉచితం కాదు. రీచ్ మీ ఊరికి ఎంత దూరమన్నదే ఇసుక ఖరీదు.

నేలకు మూత్రం కాలువ వైపు వాలు ఇవ్వాలి. మూడున్నర మీటర్ల వెడల్పులో 6 నుంచి 9 సెంటీమీటర్లు చాలు. నున్నగా పాలిష్ పట్టిన గచ్చు వద్దు. గేదె కాలు జారి పడితే పోయే డబ్బు ముందు ఈ షెడ్డు ఖర్చు ఎంత? తడి ఆరకముందే గీతలు కొట్టించండి, దానికి డబ్బేమీ అక్కర్లేదు.

పైన ఏ రేకు?

తాటాకు కప్పు అన్నింటికంటే చల్లన, మొదట్లో చవక కూడా. కానీ కొన్నేళ్లకోసారి తిరగ నేయాలి, నిప్పు భయం ఉంది, నేసే మనుషులు దొరకడం కష్టమవుతోంది. సిమెంటు రేకు ఇనుప రేకు కంటే తక్కువ వేడెక్కుతుంది, కాకపోతే రాయి పడినా, కోతి దూకినా పగులుతుంది. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకులను కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి కోసేవాళ్లు మాస్కు లేకుండా ఆ పని చేయకూడదు. ఇప్పుడు ఎక్కువమంది వేయిస్తున్నది రంగు పూత ఇనుప రేకు. ఇక్కడ కూడా మందమే చూడాలి. 0.5 మిల్లీమీటర్ల రేకుకు బదులు 0.35 రేకు వేస్తే అందులో లోహం 30 శాతం తక్కువ. రేటు తక్కువ చెప్పిన కొటేషన్‌లో ఈ అంకె ఎంతో మొదట చూడండి.

ఎండాకాలంలో ఇనుప రేకు కింద గేదె రొప్పుతుంది, మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. దీనికి ఖర్చు లేని మందు ఒకటుంది. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ పొడవు వైపు నుంచి లోపలికి కొట్టదు. గుంతలు తీయకముందు చెబితే పైసా అవ్వదు, తీశాక చెబితే మళ్లీ మొదటికి. పైకప్పుకు తెల్ల సున్నం వేయడం కూడా పనిచేస్తుంది, ఏటా వేయాలి.

ప్రభుత్వం ఎంత ఇస్తుంది? ఎప్పుడు ఇవ్వదు?

ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో ‘పల్లె పండుగ’ పేరుతో ఉపాధి హామీ నిధులతో మొదలైన పనుల్లో మినీ గోకులాలు కూడా ఉన్నాయి. 2025 జనవరి 10న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పిఠాపురంలో వాటిని ప్రారంభించారు. ఆవులు, గేదెల షెడ్లకు యూనిట్ ధరలో 90 శాతం ప్రభుత్వం, 10 శాతం రైతు. అంటే ఆరు పశువుల షెడ్డుకు రైతు వాటా రూ.23,000, నాలుగింటికి రూ.18,500, రెండింటికి రూ.11,500.

ఆ యూనిట్ ధర దాటి మీరు పెద్దగా, ఖరీదుగా కట్టుకుంటే పైన అయ్యేదంతా మీదే. డబ్బు కూడా ముందుగా చేతికి రాదు. పని దశల వారీగా కొలతలు తీసి, ఫొటోలు ఎక్కించాక బిల్లులు వస్తాయి. చాలాచోట్ల రైతే ముందు పెట్టుబడి పెట్టి తర్వాత రాబట్టుకోవాల్సి వచ్చింది. మీరు సర్దాల్సింది రూ.23 వేలు మాత్రమే అనుకోకండి, బిల్లు వచ్చేదాకా తిప్పుకోవడానికి కూడా కొంత ఉండాలి.

పాత ఉపాధి హామీ నిబంధనల్లో సొంత జాగాలో ఇలాంటి పని చేయించుకోవాలంటే ఇంటికి జాబ్ కార్డు ఉండాలి, ఇంట్లో ఒకరైనా పనికి రావాలి. ఎస్సీ, ఎస్టీ, పేద కుటుంబాలు, మహిళ ఇంటిపెద్దగా ఉన్న ఇళ్లు, సన్నకారు, చిన్నకారు రైతులు అర్హుల్లో ఉన్నారు. ‘మాకు ఐదెకరాలు లేవు కదా, రాదు’ అనుకుని వదిలేసినవాళ్లున్నారు. అది తలకిందుల లెక్క. ఐదెకరాలలోపు ఉన్నవాళ్లే చిన్నకారు రైతులు.

ఇప్పుడు మారిందేమిటంటే, 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు ‘వీబీ-జీ రామ్ జీ’ చట్టం తెచ్చింది. పనిదినాలు 125కు పెరిగాయి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లాంటి రాష్ట్రాలు 40 శాతం వాటా భరించాలి. కాబట్టి పై అంకెలను పాత మంజూరీల లెక్కగానే చూడండి. మండలంలో ఎంపీడీవో కార్యాలయానికి వెళ్లి, మీ ఊరి పనుల జాబితాలో పశువుల షెడ్లు ఉన్నాయా, యూనిట్ ధర ఎంత, రైతు వాటా ఎంత అన్నవి నాన్నతో అడిగించండి. ఆధార్, జాబ్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, జాగా కాగితం, పశువులున్నట్లు పశువైద్యాధికారి ధ్రువీకరణ దగ్గర ఉంచుకుంటే తిరుగుడు తగ్గుతుంది. మంజూరు ఉత్తర్వు, పని మార్కింగ్ అయ్యేదాకా ఒక్క గుంత కూడా తీయించకండి. ముందే కట్టేసిన షెడ్డును చూపించి బిల్లు అడిగితే రాదు.

అప్పు తెస్తే?

పశుపోషణకు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు మేత, దాణా, మందుల లాంటి రోజువారీ పెట్టుబడికి. షెడ్డు కట్టడానికి వేరుగా టర్మ్ లోన్ అడగాలి. వ్యవసాయ, అనుబంధ రంగాల అప్పుల్లో తాకట్టు లేకుండా ఇవ్వాల్సిన పరిమితిని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 1 నుంచి రూ.1.6 లక్షల నుంచి రూ.2 లక్షలకు పెంచింది. ఆ లోపు అప్పుకు పొలం పాస్‌బుక్ కుదువ పెట్టమంటే ఈ సంగతి గుర్తుచేయండి.

అడ్వాన్స్ పంపే ముందు వాట్సప్‌లో అడగాల్సింది

షెడ్డు వేసే అతనికి ఇలా ఒక మెసేజ్ పెట్టండి: ‘‘అన్నా, రేటు నేల కొలతకా, రేకు కొలతకా? స్తంభం పైపు మందం ఎన్ని మిల్లీమీటర్లు, రేకు మందం ఎంత? గుంత లోతు, వెడల్పు ఎంత? దిమ్మె కాంక్రీట్ మీ రేటులో ఉందా, మేస్త్రీదా? కిరాయి ఎవరిది?’’ జవాబు రాతలో వస్తే, వేరే ఇద్దరిని అవే ప్రశ్నలు అడగండి. అప్పుడు మూడు రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

డబ్బు ఒకేసారి పంపకండి. ఇనుము దిగి కాటా చీటీ వచ్చాక కొంత, దిమ్మెలు పోసి వారం తడిపాక కొంత, రేకులు బిగించాక మిగిలింది. చివరి పదో పరకో మాత్రం మొదటి పెద్ద వాన పడేదాకా ఆపుతానని ముందే మాట్లాడుకోండి. రేకు అతుకు కారుతుందో లేదో అప్పుడే తెలిసేది.